శుక్రవారం ఫోను

మంగాయమ్మకి మతి తప్పడానికి కారణం ఏమిటో ఊళ్ళో అందరికీ తెలుసు. తెలియనిది ఒక్క డాక్టర్లకే.

ఎదురింటి సూరయ్య అది గాలి అన్నాడు. మిట్టమధ్యాహ్నం కాలవ గట్టు మీద చీపుళ్ళ కోసం కొబ్బరాకులు ఏరుకుంటూ తిరిగే ముసలిదానికి గాలి తగలక ఏమవుతుందని, తనే వెళ్ళి తాయెత్తు కట్టించుకొచ్చాడు. ఆర్‌ఎంపీ శివ నీరసమన్నాడు. అతని దగ్గర ఏ రోగమైనా నీరసమే, సెలైను ఎక్కిస్తే పోయేదే. కొడుకు తాతాజీ కొబ్బరి రాశుల దగ్గర కాయ వలిచే మనిషి. ఒకనాడు అన్నాల వేళ సెల్లులో వీడియో చూసి, ఇంటికొచ్చి ఉన్న సిల్వర్ గిన్నెలన్నీ పాత సామాన్లవాడికి వేసేసి స్టీలువి తెచ్చాడు. సిల్వర్ గిన్నెల్లో వండుకు తింటే వాటిలోని అల్యూమినియానికి బుర్ర పాడవుతుందని వీడియోలో ఎవరో తెల్లకోటు వేసుకుని మరీ చెప్పాడట. ఏ గిన్నెలో ఎన్ని నీళ్ళు పొయ్యాలో నలభై ఏళ్ళుగా చేతికే తెలిసిన మనిషి, తళతళలాడే కొత్త గిన్నెల మధ్య నిలబడి, ఇది ఎవరి వంటిల్లని కోడల్ని అడిగింది. ఆ పూటతో ఆవిడ వంట ఆగిపోయింది. ఇంకో వీడియోలో ఇంకో తెల్లకోటు, పొద్దున్నే రెండు చెంచాల కొబ్బరి నూనె తాగిస్తే పోయిన మతి తిరిగొస్తుందన్నాడు. కోనసీమలో కొబ్బరి నూనెకి లోటేం వచ్చింది? నలభై రోజులు పట్టించారు. మతి రాలేదు గానీ విరేచనాలు వచ్చాయి.

ఇవన్నీ చిల్లర కారణాలు. అసలు కారణం కువైట్లో ఉందని మాత్రం అందరూ ఒప్పుకున్నారు. దాని పేరు సత్యవేణి, మంగాయమ్మ కూతురు. మొగుడు లారీ కింద పడి పోయాక, పిల్లాజెల్లా లేని మనిషి, అమ్మకి తోడుగా పడి ఉండకుండా పదకొండేళ్ళ కిందట ఖద్దామా వీసా మీద విమానం ఎక్కింది. అరబ్బుల ఇళ్ళల్లో పనిమనిషిని ఖద్దామా అంటారని రాజోలు చుట్టుపక్కల పసిపిల్లల్ని అడిగినా చెబుతారు. కూతురి మీద బెంగతోనే తల్లి ఇలా అయిపోయిందని ఊరు తేల్చేసింది. తేల్చినవాళ్ళలో సగం మంది, ఆ కూతురు పంపిన డబ్బుతో వేసిన శ్లాబింటి అరుగు మీద కూర్చునే ఆ మాట అన్నారు.

ఈ జబ్బు సంగతి ఊరందరికంటే సత్యవేణికే ఎక్కువ తెలుసు. అదే ఆమె ఖర్మ. కువైట్లో చివరి ఆరేళ్ళూ ఆమె చేసింది ఒకే ఒక్క ముసలావిడకి. యజమానురాలిని అక్కడ మామా అంటారు కాబట్టి, ఆవిడ తల్లిని పెద్ద మామా అనేది. పెద్ద మామాకి అల్జీమర్స్. ఆ పేరు నోరు తిరగడానికి సత్యవేణికి నెల పట్టింది, దానితో కాపురం చెయ్యడం నేర్చుకోవడానికి ఏడాది పట్టింది. వారానికోసారి ఇంటికొచ్చే మలయాళీ నర్సు వచ్చీరాని హిందీలో అన్నీ నేర్పింది. ముసలావిడకి ఎదురు చెప్పకు, ఎప్పుడో పోయిన మొగుడు గుమ్మంలో ఉన్నాడంటే ఉన్నాడనే అను. వస్తువుల చోటు మార్చకు. చేతికి అలవాటైన పని ఏదో ఒకటి చేతిలో పెట్టు. అడిగిందే ఎన్నిసార్లు అడుగుతోందో రాసిపెట్టు, డాక్టరు చూస్తాడు. దాని కోసం సత్యవేణి ఒక నోటు పుస్తకం పెట్టుకుంది. పిల్లాడు బడి నుంచి వచ్చాడా అని పెద్ద మామా అడిగినప్పుడల్లా ఒక గీత గీసేది. ఆ పిల్లాడికి అప్పటికి యాభై దాటాయి. రోజుకి ఇరవై, ఒక్కోరోజు ముప్ఫై గీతలు పడేవి. పుస్తకం చూసి డాక్టరు ఇంత బుద్ధిమంతురాలైన ఖద్దామాని చూడలేదని మెచ్చుకున్నాడు కూడా.

శుక్రవారం అక్కడ సెలవు. మధ్యాహ్నం పెద్ద మామా కునుకు తీసే వేళ, అంటే మనకి నాలుగు కొట్టే వేళ, సత్యవేణి అమ్మకి ఫోను చేసేది. పదకొండేళ్ళూ ఆ ఫోను తప్పలేదు. తిన్నావా అనేది అమ్మ. తిన్నానంటే ఏం కూర అనేది. చెబితే, కాసేపు ఊళ్ళో సంగతులు మాట్లాడి, మళ్ళీ తిన్నావా అనేది. పావుగంటలో ఐదుసార్లు అడిగేది. తను తిన్నదో లేదో అడిగే దిక్కు లోకంలో ఈ ఒక్కత్తే కదా అని సత్యవేణి ఐదుసార్లూ కళ్ళు తుడుచుకునేది. ఫోను పెట్టేసి లోపలికి వెళ్ళి, నిద్ర లేచిన పెద్ద మామా అడిగినదానికి పుస్తకంలో గీత గీసేది.

ఒకసారి అడిగేది ఐదుసార్లయ్యాక అలా నాలుగేళ్ళు నడిచింది. ఎవరో అరబ్బు ముసలావిడకి పుస్తకాలు పుస్తకాలు నింపిన మనిషి, కన్నతల్లికి ఒక్క గీత గీయలేదు. మన ఇళ్ళల్లో తిన్నావా అని ఎన్నిసార్లు అడిగితే అంత ప్రేమ. అది రోగమని ఎవరనుకుంటారు?

ఒక శుక్రవారం అమ్మ ఫోను ఎత్తలేదు. రెండు రోజులు పోయాక తాతాజీ చేశాడు. అమ్మ ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి పోయిందట. ఆ మర్నాడు రావులపాలెం అరటి మార్కెట్లో గెలల మధ్య కూర్చుని దొరికిందట. మా అమ్మాయి విమానం ఇక్కడే దిగుతుందండీ అని లారీల వాళ్ళందరికీ చెబుతోందట. నాలుగేళ్ళుగా ఏమేం జరిగాయో, గాలీ నీరసమూ గిన్నెలూ నూనే, అప్పుడే వరసగా చెప్పాడు. చివర్న, ఇదంతా నీ వల్లే అక్కా అన్నాడు. తమ్ముడు చెబుతున్నంతసేపూ సత్యవేణి చేతిలో ఆ నోటు పుస్తకమే ఉంది.

ఆ నెలలోనే మానేసి బయల్దేరింది. వెళ్ళే రోజు పెద్ద మామా ఆమె చెయ్యి పట్టుకుని వదల్లేదు. బింతీ, బింతీ అంటూ ఏడ్చింది. నా కూతురా అని దాని అర్థం. ఆవిడ కన్నకూతురు అప్పుడు ఆ పక్కనే నిలబడి ఉంది.

ఇంటి ముందు ఆటో దిగేసరికి అమ్మ అరుగు మీద ఉంది. ఎప్పుడు చూసినా కొబ్బరాకుల్లోంచి ఈనెలు చీలుస్తూ ఉండే మనిషి, ఒట్టి చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. చెయ్యి తెగుతుందన్న భయంతో కోడలు అనురాధ కత్తి దాచేసింది. సత్యవేణి పెట్టె కింద పెట్టి అమ్మ ముందు గొంతుక్కూర్చుంది. మంగాయమ్మ ఆమెని పైనుంచి కిందికి చూసి, మర్యాదగా కొంచెం పక్కకి జరిగి, లోపలికి కేకేసింది.

"అనురాధా, పనికోసం ఎవరో వచ్చేరు చూడమ్మా."

కొత్తగా వచ్చిన ఖద్దామాలకి సత్యవేణి ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు, ముసలివాళ్ళు పోల్చుకోకపోతే మనసులో పెట్టుకోకండి, అది జబ్బు, మనిషి కాదు అని. ఆ మాటే తనకి తను చెప్పుకుంటూ పెరట్లో బోరింగు దగ్గరికి నడిచి, నీళ్ళు కొడుతున్నట్టు చప్పుడు చేస్తూ కడుపారా ఏడ్చింది.

మర్నాడే అందర్నీ వెంటబెట్టుకుని కాకినాడ నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. తలకి స్కానింగు తీశారు, రక్తం పట్టారు. ఒక్కోసారి థైరాయిడ్ వల్లా, బి12 విటమిను తక్కువైనా మతిమరుపు వస్తుందని, అదే అయితే మందులకి తగ్గుతుందని డాక్టరు చెప్పాడు. ఆ విటమినే తక్కువ ఉండేలా చూడు తండ్రీ అని సత్యవేణి వెంకన్నకి మొక్కుకుంది. అమ్మ ఒంట్లో ఏదో తక్కువ ఉండాలని మొక్కుకున్న కూతురు ఆమె ఒక్కతే అయి ఉంటుంది. విటమిను నిక్షేపంలా ఉంది. థైరాయిడూ సరిగ్గా ఉంది. మిగిలింది సత్యవేణికి నోరు తిరిగిన ఆ పేరే.

దేనివల్ల వచ్చిందండీ అని తాతాజీ అడిగాడు. అడిగింది డాక్టర్ని, చూసింది అక్కని.

"ఫలానా దానివల్లని చెప్పలేమండీ. వయసు కొంత, పుట్టుకతో వచ్చేది కొంత. మెదడులో ఒక రకం ప్రోటీను పాచిలా పేరుకుపోతుంది. అది మొదలై పదిహేను, ఇరవై ఏళ్ళయినా అయ్యుంటుంది. ఇప్పటికి బయటపడింది," అన్నాడు డాక్టరు. బెంగ వల్ల కాదా అని తాతాజీ వదల్లేదు. బెంగ ఎవరికీ మంచిది కాదు గానీ, ఒక మనిషి ఊరు వెళ్ళిపోయినంత మాత్రాన ఈ జబ్బు పుట్టదన్నాడు డాక్టరు. సిల్వర్ గిన్నెల వల్లనీ ఎక్కడా రుజువు కాలేదన్నాడు.

తాతాజీ మొహం చిన్నబోయింది. నాలుగేళ్ళుగా గుండెల్లో దాచుకున్న కోపాన్ని ఎవరో లాక్కుపోయినట్టు కూర్చుండిపోయాడు. తను విమానం ఎక్కకముందే ఆ పాచి పట్టడం మొదలైందన్న మాట విని సత్యవేణికి ఒక్క నిమిషం ప్రాణం లేచొచ్చింది. ఆ ఒక్క నిమిషమే. వైద్యం ఏమిటండీ అని అడిగేవరకే.

పోయిన జ్ఞాపకం తిరిగి రాదన్నాడు డాక్టరు. మాత్రలు కొందరికి కొంతకాలం ఆసరాగా ఉంటాయి, అంతే. విదేశాల్లో ఈమధ్య కొత్త ఇంజక్షన్లు వచ్చాయి గానీ అవీ జబ్బుని పోగొట్టవు, కాస్త నెమ్మదిస్తాయి, అదీ తొలి దశలో ఉన్నవాళ్ళకే. చీటీ రాస్తూ, మామూలుగానే అడిగాడు.

"మొదట్లో అడిగిందే మళ్ళీ మళ్ళీ అడిగుంటారే. అప్పుడే తీసుకొస్తే కొంత కాలం కలిసొచ్చేది. ఎవరూ కనిపెట్టలేదా?"

సత్యవేణి ఒళ్ళో సంచీ ఉంది, సంచీలో నోటు పుస్తకం ఉంది. అమ్మ పోగొట్టుకున్నదానికి తను కారణం కాదు. అమ్మకి దొరకవలసిన నాలుగేళ్ళు దొరక్కపోవడానికి మాత్రం తనే కారణం. ఇంత తెలిసిన మనిషికి, ఇంకెవర్నో తిట్టుకునే వెసులుబాటు కూడా దేవుడు ఇవ్వలేదు.

ఇంటికొచ్చి నడుం బిగించింది. అమ్మకి ఈనెల కత్తి తిరిగి ఇచ్చింది, పదును రాయి మీద మొండి చేసి. కోళ్ళకి నీళ్ళు పెడుతున్న సొట్ట సిల్వర్ గిన్నె ఒక్కటి మిగిలి ఉంటే తోమి వంటింట్లో పాత చోటే పెట్టింది. అమ్మ మాటకి ఎవరూ ఎదురు చెప్పకూడదని, పోయినవాళ్ళు వచ్చారన్నా ఆయ్ అనాలని ఇంట్లో అందరికీ పాఠం చెప్పింది. అమ్మ స్నానం, అమ్మ పడక, అన్నీ ఇలా కాదు ఇలా అని అనురాధకి చూపించడం మొదలుపెట్టింది. నాలుగేళ్ళు ఆ పనులన్నీ ఒంటిచేత్తో చేసుకొచ్చిన మనిషి అనురాధ. రెండు రోజులు విని, మూడో రోజు బకెట్టు కింద పెట్టింది.

"అక్కడ మీకు శుక్రవారం సెలవిచ్చేవారు వదినగారండీ. నాకు ఏ వారమూ సెలవివ్వలేదండి," అంది.

గొంతు పెంచలేదు, అండీ మానలేదు. చెంప మీద కొట్టినా అంత మండేది కాదు. సత్యవేణి ఇంకేమీ నేర్పలేదు.

అసలు కష్టం మంగాయమ్మతోనే వచ్చింది. ఆవిడ సత్యవేణి చేతి ముద్ద ముట్టదు. మాత్ర నోట్లో పెడితే ఉమ్మేస్తుంది. కొత్త మనిషి ఇంట్లో తిరుగుతుంటే ఆవిడకి అనుమానం, ఆ మనిషి తన మొహంలోకి అదేపనిగా చూస్తుంటే భయం. అనురాధ పెట్టినా రెండు ముద్దలకే చెయ్యి అడ్డం పెట్టేస్తోంది. మా అమ్మాయి ఫోను చేసేక తింటానంటుంది. ఒకరోజు సత్యవేణి తను చెప్పిన పాఠం తనే మర్చిపోయి, నేనేనమ్మా, నేనే సత్యవేణిని అని రెండు చేతులూ పట్టుకుంది. మంగాయమ్మ చేతులు విదిలించుకుంది. మా అమ్మాయి కువైట్లో ఉంది, దాని పేరు చెప్పుకుని ఇంట్లో దూరతావా అని, పక్కనున్న ఈనెల కట్ట తీసుకుని మొహం మీద కొట్టింది. చెంప మీద చారలు రెండు రోజులు పోలేదు. ఎలా తగిలిందమ్మా అని సూరయ్య అడిగితే, కొబ్బరాకు గీసుకుందండి అని చెప్పింది.

మూడు వారాలకి మంగాయమ్మ జాకెట్టు భుజాల మీంచి జారిపోతోంది. శివ మళ్ళీ సెలైను సీసా పట్టుకుని గుమ్మంలో తయారయ్యాడు. కాకినాడ డాక్టరుకి ఫోను చేస్తే, తినని మనిషికి మాత్రలు ఏం చేస్తాయండీ, సోమవారం దాకా చూసి ఆసుపత్రిలో చేర్చండి, ముక్కులోంచి గొట్టం వేసి పాలు పోద్దాం అన్నాడు. ఆ గొట్టం సంగతి సత్యవేణికి తెలుసు. పెద్ద మామాకి వేసినప్పుడు, పీకేసుకోకుండా రెండు చేతులూ మంచానికి కట్టారు. కట్టింది తనే. కువైట్లో ఎవరో ముసలావిడ చేతులు కట్టడం వేరు. పుట్టినప్పటి నుంచి ఈనెలు చీల్చి తనని పెంచిన ఆ చేతులకి గుడ్డపీలికలు చుట్టడం ఆమె వల్ల కాదు.

ఆరోజు శుక్రవారం. మూడున్నరకే మంగాయమ్మ తల దువ్వుకుని, నొక్కుల ఫోను ఒళ్ళో పెట్టుకుని అరుగు మీద కూర్చుంది. కిందటి శుక్రవారమూ అలాగే కూర్చుంది. అంతకు ముందు వారమూ అంతే. చీకటి పడేదాకా కూర్చుని, అన్నం వద్దని లోపలికెళ్ళి పడుకుంది. సత్యవేణి అది చూసింది గానీ, అలవాటు కొద్దీ కూర్చుంటోందని ఊరుకుంది. అనురాధ బట్టలు ఆరేస్తూ, ఆమెకేసి చూడకుండానే అంది.

"అత్తయ్యగారు మీకోసమే చూస్తన్నారండీ. మీరు ఎదురుగుండానే ఉన్నారు గానీ, ఫోను చెయ్యడం మానేసేరు కదండీ."

పదకొండేళ్ళుగా అమ్మకి కూతురంటే చెవి దగ్గర ఒక గొంతు. ఆ గొంతు లేకుండా, నెరిసిన జుట్టుతో, తెలియని మొహంతో వచ్చి కూర్చున్న మనిషి కూతురెలా అవుతుంది? సత్యవేణి సెల్లు తీసుకుని పెరటి దారిన కొబ్బరితోటలోకి నడిచింది. నాలుగో వరస చెట్ల వెనక నిలబడితే అరుగు కనిపిస్తుంది. అక్కణ్ణుంచి నొక్కింది. అరుగు మీద ఫోను మోగింది. మంగాయమ్మ రెండు చేతులతో దాన్ని చెవికి ఆనించుకోవడం కనిపించింది.

"అమ్మా, నేను."

"సత్యా! ఇన్నాళ్ళూ ఏమైపోయేవే?" ఆ గొంతు ఎప్పటిదో, రోగం లేని రోజులది. "తిన్నావా?"

"తిన్నానమ్మా."

"ఏం కూర?"

"ఆనపకాయ. నువ్వు తిన్నావా?"

"నాకేం సయించట్లేదే. ఇక్కడ ఎవత్తినో పనికి పెట్టేరు. ఊరికే నా మొహంకేసి చూస్తాది. దాన్ని చూస్తే భయమేస్తందే నాకు."

సత్యవేణి చెట్టు పట్టుకుంది. ఎదురు చెప్పకూడదు.

"దాన్ని నేనే పంపేనమ్మా. నాకు బాగా తెలిసిన మనిషే. దాని చేత్తో పెడితే తిను. మాత్ర ఇస్తే వేసుకో. నామీద ఒట్టు."

"నువ్వు పంపేవా? ఆ ముక్క అది చెప్పదేం మరి?" ఫోను రెండో చెవికి మార్చుకుంది. "నువ్వెప్పుడొస్తావే?"

అరుగు ముప్ఫై గజాల దూరంలో ఉంది. అమ్మ కాళ్ళకి చెప్పులు లేవు, చీర కుచ్చిళ్ళు ఒకవైపు జారి ఉన్నాయి, అన్నీ కనిపిస్తూనే ఉన్నాయి. నిజం చెబితే ఆ గొంతు మళ్ళీ పోతుంది.

"ఈ ఏడు కుదరదమ్మా."

"సరేలే. పని దగ్గర జాగ్రత్త. ఇంతకీ తిన్నావా?"

ఇంకాసేపు మాట్లాడి ఫోను పెట్టేశాక కూడా సత్యవేణి అక్కడే ఉండిపోయింది. ఈసారి లెక్కపెట్టింది. ఆరుసార్లు. లెక్కపెట్టి ఇప్పుడు ఎవరికి చూపించాలో తెలియలేదు.

బోరింగు దగ్గర మొహం కడుక్కుని, సొట్ట గిన్నెలో పప్పన్నం కలుపుకుని అరుగు మీదికి వచ్చింది. అనురాధ గుమ్మంలో నిలబడి చూస్తోంది. మంగాయమ్మ ఈసారి భయపడలేదు, జరిగి పక్కన చోటిచ్చింది. మిమ్మల్ని మా అమ్మాయి పంపిందటగా, ముందే చెప్పొచ్చు కదండీ అని మెత్తగా కోప్పడింది. నోరు తెరిచి మొదటి ముద్ద తింది. రెండోది తింది. మాత్ర వేసుకుని నీళ్ళు తాగింది. తింటూ తింటూ తోటకేసి చూసి, గర్వంగా అంది.

"మా అమ్మాయి కూడా అక్కడ ఎవరో ముసలావిడకి ఇలాగే చేత్తో పెడతాదండీ. పెట్టి పుట్టిందండి ఆవిడ. మా సత్య లాంటి పిల్ల దగ్గరుంది."

సత్యవేణి ఇంకో ముద్ద కలిపింది.

"ఆయ్. అవునండీ," అంది.